సెకండ్ హ్యాండ్ పికప్ కొంటున్నారా? ఇంజన్‌ని ఇలా చూడండి

2019లో నేను ఒక పాత పికప్ కొన్నాను. మీటరు 92 వేలు చూపిస్తోంది, రంగు కొత్తగా వేయించారు, ముందు టైర్లు రెండూ కొత్తవి, సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది, పొగ లేదు. ఆయిల్ గేజి తీసి చూస్తే ఆయిల్ తేనెలా మెరుస్తోంది. "ఇంజన్ ఇంతవరకు విప్పలేదన్నా, నట్టు కూడా కదల్లేదు" అన్నాడు అమ్మినాయన. సరిగ్గా 23 రోజులకి, తిరుపతి నుంచి కిరాణా సరుకు తిరుగు లోడు వేసుకుని భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే బండి లాగడం మానేసింది. అద్దంలో చూస్తే వెనకంతా నీలం పొగ. దిగి బానెట్ ఎత్తితే ఆయిల్ గేజి దాని గొట్టంలోంచి పైకి తన్నుకొచ్చి ఉంది, చుట్టూ ఆయిల్ చిమ్మింది. మదనపల్లెలో ఇంజన్ దించి చూస్తే బోర్లు (సిలిండర్ల లోపలి గోడలు) అరిగిపోయాయి, మూడో సిలిండర్లో పిస్టన్ రింగు ముక్కలైంది. 84 వేల ఖర్చు, 19 రోజులు బండి షెడ్డులో, అదీ టమాటా సీజన్ మధ్యలో. నేను చూడ్డానికి వెళ్లే ముందు అందులో గట్టి ఆయిల్, దాంతోపాటు పొగ కనిపించకుండా చేసే మందు పోసి, ఇంజన్ వేడి చేసి పెట్టారని తర్వాత తెలిసింది.

అప్పటినుంచి నాకోసం, మా ఊళ్లో వాళ్లకోసం, చుట్టాలకోసం బండ్లు చూస్తూనే ఉన్నాను. నాకు అర్థమైంది ఒకటే. పికప్ ఇంజన్ ఎంత మిగిలిందో మీటరు చెప్పదు, మోడల్ చెప్పదు. అది ఎంత లోడు మోసింది, రేడియేటర్లో ఏ నీళ్లు తాగింది, ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారు, ఈ మూడే చెబుతాయి. ఈ మూడింటి గుర్తులూ బండి మీద కనిపిస్తాయి, ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు. ఇది ఎక్కువగా మన దగ్గర తిరిగే డీజిల్ పికప్‌ల గురించి, అంటే బొలెరో పికప్, దోస్త్, యోధ, ఇంట్రా, టాటా ఏస్ లాంటి వాటి గురించి రాస్తున్నాను.

అడుగు 1: బయల్దేరే ముందు ఫోన్లోనే తేల్చుకోవాల్సినవి

ముందు బండి బీఎస్-3నా, బీఎస్-4నా, బీఎస్-6నా అడగండి (బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి పొగకి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం). దేశమంతటా 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాయి. ఇది కాగితాల సంగతి మాత్రమే అనుకోకండి, ఇంజన్ రిపేరు ఖర్చంతా దీని మీదే ఉంటుంది. పాత బీఎస్-3 బండ్లలో చాలావాటికి మెకానికల్ పంపు, మామూలు నాజిల్స్ ఉంటాయి, ఊళ్లో డీజిల్ పంపు మెకానిక్ ఎవరైనా పని చేసేస్తాడు. బీఎస్-4 నుంచి కామన్ రైల్ డీజిల్ బాగా పెరిగింది, అంటే హై ప్రెషర్ పంపు, కంప్యూటర్ చెప్పినట్టు నడిచే ఇంజెక్టర్లు, సెన్సార్లు. బీఎస్-6కి వచ్చేసరికి పొగ శుద్ధి చేసే సామాను కూడా తోడైంది. బీఎస్-6 బండి మంచిది కాదని నేను అనను, సాఫీగా నడుస్తుంది, కానీ పాడైతే దాని స్కానర్ (బండి కంప్యూటర్లోని లోపాలు చదివే యంత్రం) ఉన్న మెకానిక్ మీకు 30 కిలోమీటర్ల లోపల ఉన్నాడో లేదో ముందే చూసుకోండి.

ఎన్ని సిలిండర్లో కూడా తెలిసి వెళ్లండి. బొలెరో పికప్‌కి 2523 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్. అశోక్ లేలాండ్ దోస్త్‌కి 1478 సీసీ, మూడు సిలిండర్లు. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్‌ది 702 సీసీ, రెండే సిలిండర్లు. రెండు సిలిండర్ల బండి స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) అదురుతుంది, అది దాని సహజం, జబ్బు కాదు. నాలుగు సిలిండర్ల బండి అలా అదిరితే మాత్రం ఏదో ఒక సిలిండర్ సరిగా కొట్టడం లేదన్నమాట. (ఇసుజు డీ-మ్యాక్స్ చూస్తున్నవాళ్లకి ఒక మాట: ఆ బండ్లు మన శ్రీసిటీలోనే తయారవుతాయి, అయినా మీ ఊళ్లో సామాను, సర్వీసు దొరుకుతాయా లేదా కనుక్కున్నాకే వెళ్లండి.)

తర్వాత అసలు ప్రశ్న. "అన్నా, ఈ బండి ఇప్పటిదాకా ఏం తోలింది?" నేరుగా అడగండి. పాల క్యాన్లు, కిరాణా, ఫర్నిచర్ తోలిన బండి వేరు. ఇసుక, ఇటుక, కంకర తోలిన బండి వేరు. ఆక్వా చెరువుల దగ్గర రొయ్యల టబ్బులు మోసిన బండి మరీ వేరు, దానికి ఇంజన్ బాగున్నా ఉప్పునీళ్లు కారి చాసిస్, వైరింగ్ తుప్పు పట్టి ఉంటాయి. బండి ఏ ప్రాంతంలో తిరిగిందో నంబర్ చూసి చెప్పే రోజులు పోయాయి, ఆంధ్రాలో 2019లో ఏపీ 39తో మొదలుపెట్టి రాష్ట్రమంతా ఒకే సిరీస్ చేశారు. అందుకే ఆర్‌సీలో మొదటి ఓనరు అడ్రస్ చూడండి.

ఇవన్నీ అయ్యాక చివరి మాట ఇలా చెప్పండి: "రేపు పొద్దున ఆరింటికి వస్తాను, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దన్నా." దీనికి ఒప్పుకోకుండా, తొమ్మిదింటికి రా, పదింటికి రా అని సాగదీస్తే నేనైతే ఆ బండి దగ్గరికి వెళ్లను.

అడుగు 2: చల్లటి ఇంజన్, పొద్దుటి వెలుగు

వెళ్లగానే మాటల్లో పడకుండా ముందు బానెట్ ఎత్తి (ఇంజన్ సీటు కింద ఉండే బండి అయితే సీటు ఎత్తి) ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. రాత్రంతా ఆగిన ఇంజన్ ఇనుము చల్లగా ఉండాలి. గోరువెచ్చగా తగిలిందంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఆపారు. అప్పుడు గొడవ పడక్కర్లేదు, మరో రోజు చెప్పకుండా రండి.

తర్వాత బండి కిందికి వంగి చూడండి. నేల మీద ఆయిల్ చుక్కలు ఎక్కడ పడ్డాయి? ముందు వైపు పడితే ఫ్రంట్ ఆయిల్ సీల్, ఇంజన్‌కీ గేర్ బాక్సుకీ మధ్య పడితే వెనక సీల్ అనుకోవచ్చు. వెనక సీల్ ధర తక్కువే, కానీ అది మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి, కూలీ ఎక్కువవుతుంది. ఇంజన్ మొత్తం ప్రెషర్ వాటర్‌తో కడిగి తళతళ మెరిపించి ఉంటే నాకు ఇంకా అనుమానం, ఎందుకంటే మట్టి పట్టిన ఇంజన్ మీదే ఎక్కడ కారుతుందో స్పష్టంగా తెలుస్తుంది. కడిగిన బండిని లోడుతో తిప్పాక మళ్లీ కిందికి వంగి చూడాల్సిందే.

వెనక కమాన్ పట్టీలు కూడా ఇప్పుడే చూసేయండి. పట్టీలు తిరగబడినట్టు వంగిపోయినా, కంపెనీ ఇచ్చినవాటికన్నా ఒకటి రెండు ఎక్కువ వేయించినా, చాసిస్‌కి వెల్డింగ్ పట్టీలు కొట్టించినా, ఆ బండి దాని బరువుకి మించి రోజూ మోసిందని అర్థం. టన్నున్నర బండి మీద మూడు టన్నులు వేసిన వాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ బరువంతా మోసింది ఆ ఇంజనే.

అడుగు 3: ఆయిల్

గేజి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. డీజిల్ ఇంజన్లో ఆయిల్ నల్లగా ఉంటే భయపడకండి, మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, అది దాని పని. నాలాగా మెరిసే ఆయిల్ చూసి మురిసిపోకండి కూడా. నిన్నో మొన్నో మార్చిన ఆయిల్ అయితే "బిల్లు ఉందా అన్నా, ఏ గ్రేడు పోశారు?" అని అడగండి. రెండు వేళ్ల మధ్య రుద్దండి. బెల్లం పాకంలా జిగటగా సాగితే లోపల ఏదో మందు కలిసింది. ఇసుకలా గరుకుగా తగిలినా, ఎండలో పెట్టి చూస్తే వెండి పొడిలా మెరిసినా బేరింగ్ షెల్స్ అరుగుతున్నాయి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ఆ బండి అక్కడితో వదిలేయండి.

ఆయిల్ లెవల్ మ్యాక్స్ గీత దాటి పైకి ఉంటే చాలామంది "బాగా పోశారు" అనుకుంటారు. ఒకసారి వాసన చూడండి. డీజిల్ వాసన ఘాటుగా కొడితే ఇంజెక్టర్ నుంచో పంపు నుంచో డీజిల్ ఆయిల్లోకి దిగుతోంది. పలచబడ్డ ఆయిల్‌తో లోడు లాగితే బేరింగులు ఎక్కువ కాలం ఆగవు.

ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి. పలచటి నల్ల పొర మామూలే. తారులా గడ్డకట్టిన బురద ఉంటే ఆయిల్ సమయానికి మార్చలేదు. ఒక గోరుతో గీరి చూడండి, ఎంత మందంగా వస్తే అన్ని సర్వీసులు ఎగ్గొట్టారని నా లెక్క.

అడుగు 4: రేడియేటర్ నీళ్లు

ఇది చల్లగా ఉన్నప్పుడే. వేడి ఇంజన్ రేడియేటర్ మూత ఎవరు తీయమన్నా తీయకండి, మొహం మీదికి మరుగుతున్న నీళ్లు ఎగజిమ్ముతాయి.

లోపల కూలెంట్ రంగు కనిపించాలి, ఆకుపచ్చో, ఎరుపో, నీలమో. మట్టి రంగు నీళ్లు కనిపిస్తే తుప్పు. ఉత్త నీళ్లు కనిపిస్తే అది బోరు నీళ్లో కుళాయి నీళ్లో, మన దగ్గర చాలా చోట్ల బోరు నీళ్లు ఎంత గట్టిగా ఉంటాయో ఇంట్లో గీజర్లో పేరుకునే సున్నం చూస్తే తెలుస్తుంది. అదే సున్నం రేడియేటర్ గొట్టాల్లో, హెడ్ లోపలి దారుల్లో పేరుకుని ఇంజన్‌ని లోలోపల ఉడికిస్తుంది. నీళ్ల మీద నూనె తెట్టు తేలితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కీ పైన ఉండే హెడ్‌కీ మధ్య పెట్టే రేకు) పోయి ఉండొచ్చు, ఆయిల్ కూలర్ పోయి ఉండొచ్చు, హెడ్డే పగిలి ఉండొచ్చు. మూడింట్లో ఏదైనా ఖర్చే.

ఇప్పుడు మూత తీసి ఉంచి, అడుగు 5లో చెప్పిన లైట్లు, పొగ కూడా చూసుకుంటూ స్టార్ట్ చేయించండి, చల్లటి స్టార్ట్ ఒక్కసారే దొరుకుతుంది. మొదట్లో ఒకటి రెండు బుడగలు వస్తే ఫర్వాలేదు, లోపల గాలి ఉంటుంది. బుడగలు ఆగకుండా వస్తూ, రేజ్ చేసినప్పుడల్లా ఎక్కువవుతుంటే సిలిండర్లోని గ్యాస్ నీళ్లలోకి వస్తోంది. హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే పోతే అది మారిస్తే సరిపోతుంది, హెడ్ వంగిపోతే దాన్ని లేత్ మీద పెట్టించాలి, పగిలితే మార్చాలి.

మన మెకానిక్‌లు కొందరికి ఒక అలవాటు ఉంది. బండి వేడెక్కుతోందని వస్తే థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది) పీకి పక్కన పడేస్తారు. ఇక నీళ్లు ఆగకుండా తిరుగుతాయి, మీటరు ఎప్పుడూ కిందే ఉంటుంది, ఓనరు సంతోషంగా ఉంటాడు. కానీ ఇంజన్ దానికి కావాల్సిన వేడికి చేరకుండానే పనిచేస్తూ త్వరగా అరుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అరగంట తిప్పినా టెంపరేచర్ ముల్లు మధ్యకి రాకపోతే వాల్వ్ లేదనుకోండి. వాల్వ్ ఎందుకు తీయాల్సి వచ్చిందో అసలు కారణం లోపల అలాగే ఉంటుంది.

అడుగు 5: సెల్ఫ్, పొగ, శబ్దం

తాళం తిప్పండి, సెల్ఫ్ కొట్టకండి. డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు, ఇంజన్ బొమ్మ లైటు వెలగాలి. స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. తాళం తిప్పినప్పుడే వెలగని లైటు ఉందంటే బల్బు పీకేశారు, లేదా వెనక టేపు అంటించారు. చాలామంది ఈ రెండు సెకన్లు చూడరు.

ఇక సెల్ఫ్ కొట్టండి, పక్కన మీ మనిషిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టి వీడియో తీయమనండి. మంచి డీజిల్ ఇంజన్ రెండు మూడు సెకన్లలో అందుకుంటుంది. పొద్దున చలికి కొంచెం తెల్ల పొగ వచ్చి నిమిషంలో పోతే తప్పేం లేదు. పోకుండా కళ్లు మండేలా పచ్చి డీజిల్ వాసనతో వస్తుంటే నాజిల్ కారుతోందో కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) తక్కువుందో చూడాలి. తియ్యటి వాసనతో దట్టమైన ఆవిరిలా వస్తే కూలెంట్ మండుతోంది.

నీలం పొగ ఆయిల్ మండితే వస్తుంది, కానీ అది ఎప్పుడు వస్తుందో చూడటం ముఖ్యం. ఎప్పుడూ వస్తూ, లోడు పడే కొద్దీ పెరిగితే రింగులు, బోర్లు. పది నిమిషాలు స్లోలో ఉంచి ఒక్కసారిగా రేజ్ చేస్తే గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ కావచ్చు, టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే చక్రం) సీల్ కావచ్చు. రింగుల పనికీ సీల్స్ పనికీ ఖర్చులో చాలా తేడా ఉంది, కాబట్టి నీలం పొగ కనిపించగానే పారిపోనక్కర్లేదు, ఎప్పుడు వచ్చిందో రాసుకుని బేరంలో వాడండి. నల్ల పొగ అన్నింటికన్నా తక్కువ భయపెట్టేది: గాలి ఫిల్టర్ మూసుకుపోయినా, టర్బో పైపు పగిలినా, నాజిల్ ఎక్కువ కొట్టినా, ఈజీఆర్ (కొంత పొగని మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వ్) ఇరుక్కున్నా వస్తుంది.

శబ్దం గురించి రాతలో చెప్పడం కష్టం. డీజిల్ టకటక సహజం. దానికి అడుగున, రేజ్ చేసి వదిలినప్పుడు బరువుగా "డొక్ డొక్" అని కింది నుంచి వినిపిస్తే బేరింగులు. ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజన్ బ్లాక్‌కి, పిడి చెవికి ఆనించి వింటే పైనుంచి వస్తోందా కింది నుంచి వస్తోందా తెలుస్తుంది. ఫ్యాను, బెల్టులకి దూరంగా ఉండి వినండి.

అడుగు 6: బ్యాక్ కంప్రెషన్

నేను ఆ రోజు ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే 84 వేలు మిగిలేవి. అందుకే దీన్ని తీరిగ్గా చెబుతాను.

రింగులు, బోర్లు అరిగితే సిలిండర్లో మండిన గ్యాస్ పిస్టన్ పక్కల నుంచి కిందికి, ఆయిల్ ఉండే చాంబర్లోకి దిగుతుంది. దానికి బయటికి దారి కావాలి. బ్రీదర్ పైపు నుంచి, ఆయిల్ మూత నుంచి, చివరికి గేజి గొట్టం నుంచి తన్నుకొస్తుంది. దీన్నే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు.

ఇంజన్ పది పదిహేను నిమిషాలు నడిచి బాగా వేడెక్కాక, స్లోలోనే ఉంచి, ఆయిల్ మూత విప్పండి. మూతని తిరగేసి ఆ రంధ్రం మీద ఊరికే పెట్టండి, బిగించకండి. మూత అక్కడే కూర్చుని కొంచెం ఆడితే బాగుంది. ఎగిరి పక్కన పడితే, రంధ్రంలోంచి రైలింజన్‌లా గుప్పు గుప్పుమని పొగ వస్తే బాగాలేదు. తర్వాత గేజి ఒక అంగుళం పైకి లాగి చూడండి, ఆ గొట్టంలోంచి కూడా పొగ ఊదుతుంటే అదే జబ్బు. అరచేతిని రంధ్రానికి కొంచెం పైన పెడితే ఊపిరి తగిలినట్టు ఉండాలి, బుగ్గలు పూరించి ఊదినట్టు కాదు. కొన్ని ఇంజన్లలో మూత తీయగానే ఆయిల్ తుంపర్లు పడతాయి, అది మూత కింద ఆడే భాగాల వల్ల, దాన్ని పొగతో కలిపి చూడకండి.

ఒక జాగ్రత్త. బ్రీదర్ పైపు మూసుకుపోయినా, టర్బో సీల్ పోయినా లోపల ప్రెషర్ పెరుగుతుంది. కాబట్టి గట్టిగా ఊదితే ముందు బ్రీదర్ శుభ్రం చేయించి మళ్లీ చూడమనండి. అప్పటికీ ఊదితే ఇంజన్ పని తప్పదు. ఇంకో మోసం: బ్రీదర్ పైపుని ఇన్‌టేక్ (ఇంజన్ గాలి పీల్చే గొట్టం) నుంచి పీకి కిందికి రోడ్డు వైపు వదిలేస్తారు, ఆ పొగ కింద ఎక్కడో కలిసిపోతుంది, మనకి కనపడదు. ఆ పైపు ఎక్కడికి వెళ్తుందో చేత్తో పట్టుకుని చివరిదాకా వెతకండి.

అడుగు 7: డీజిల్ వైపు, టర్బో వైపు

డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే చిన్న స్క్రూ ఉంటుంది. ఒక ఖాళీ వాటర్ బాటిల్ పెట్టి కొంచెం వదలండి, ఐదు నిమిషాలు ఆగండి. డీజిల్ పైన తేలి కింద నీళ్లు విడిగా కనిపిస్తే ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని తెరవలేదు. కామన్ రైల్ ఇంజెక్టర్లకి నీళ్లు విషంతో సమానం.

కామన్ రైల్ బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అయి, వేడెక్కాక సెల్ఫ్ ఎక్కువసేపు లాగితే ఇంజెక్టర్లు రిటర్న్ ఎక్కువ వదులుతున్నాయేమో చూడాలి. మెకానిక్ దగ్గర దీనికి తేలికైన పరీక్ష ఉంది: ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపుకి ఒక్కో చిన్న సీసా తగిలించి కొన్ని నిమిషాలు స్లోలో నడపడం. నాలుగు సీసాల్లో డీజిల్ దాదాపు సమానంగా రావాలి. ఒకదాంట్లో అడుగున కొంచెం, పక్కదాంట్లో సగం నిండితే ఆ పక్కది పోయింది. సీసాలు పక్కపక్కనే పట్టుకుని ఫోటో తీస్తే బేరంలో ఎవరూ కాదనలేరు.

టర్బోకి గాలి వచ్చే గొట్టం విప్పించి (ఇంజన్ ఆపాకే), లోపలి చక్రాన్ని వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కలకి కొద్దిగా ఆడొచ్చు. ముందుకీ వెనక్కీ ఆడకూడదు, రెక్కలు గోడకి రాసుకున్న గీతలు ఉండకూడదు. గొట్టంలో పలచటి ఆయిల్ తడి మామూలే, వేలు ముంచితే ఆయిల్ కారేంత ఉంటే మామూలు కాదు.

ఈజీఆర్‌కి రేకు ముక్క పెట్టి మూసేయడం, బీఎస్-6 బండ్లలో పొగ ఫిల్టర్ లోపలి సామాను తీసేసి డొల్ల చేయడం, యూరియా ద్రవం పోసే బండ్లలో దాన్ని తప్పించే డబ్బా తగిలించడం ఇప్పుడు చూస్తున్నాం. "మైలేజ్ పెరుగుతుందన్నా" అంటారు. అది చట్టానికి విరుద్ధం, మళ్లీ అసలు సామాను పెట్టించాలంటే చాలా డబ్బు అవుతుంది, పైగా ఆ సామాను ఎందుకు తీయాల్సి వచ్చిందో మీకు ఎవరూ చెప్పరు. నేను అలాంటి బండి కొనను.

అడుగు 8: లోడుతో తిప్పండి

ఖాళీ పికప్ ఎంత అరిగిన ఇంజన్‌తోనైనా పరుగెడుతుంది. అమ్మే వ్యక్తికి ముందే చెప్పి, టన్ను బరువు దేనిదైనా వేయించండి, దాణా బస్తాలైనా సరే, కూలీ డబ్బులు మీరే ఇవ్వండి. దగ్గర్లో ఘాట్ ఉంటే ఘాట్, లేకపోతే పొడవాటి ఫ్లైఓవర్. మూడో గేరులో ఎక్కిస్తూ మూడు చూడండి: లాగుతోందా, వెనక ఏ రంగు పొగ, టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగింది. ఇంజన్ స్పీడు పెరుగుతూ బండి స్పీడు పెరగకపోతే అది క్లచ్, ఇంజన్ కాదు.

తిరిగొచ్చాక వెంటనే ఆపకండి, రెండు నిమిషాలు స్లోలో ఉంచి ఆపండి, టర్బోకి అది మంచిది. పది నిమిషాలు ఆగి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. వేడి మీద స్లోలో ఆయిల్ లైటు మినుకుమినుకుమంటే ఆయిల్ ప్రెషర్ తక్కువ. ఇది పొద్దున చల్లటి ఇంజన్లో ఎప్పటికీ కనపడదు.

అడుగు 9: స్కానర్, కంప్రెషన్ గేజి, మీ మెకానిక్

మెకానిక్‌ని మీరే తీసుకెళ్లండి, అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు. ఆయన రోజు కూలీ ఇవ్వండి, బండి కొన్నా కొనకపోయినా. కొంటేనే డబ్బులు అన్నారనుకోండి, ఆయనకి కూడా మీరు కొనడమే లాభం అవుతుంది.

బీఎస్-4, బీఎస్-6 కామన్ రైల్ బండికి స్కానర్ తప్పనిసరి. ఎర్రర్ కోడ్లు ఏం లేవని తృప్తి పడకండి, పొద్దునే చెరిపేసి ఉండొచ్చు. చాలా స్కానర్లలో కోడ్లు చెరిపాక బండి ఎంత దూరం తిరిగిందో చూపించే అంకె ఉంటుంది, అది 4 కిలోమీటర్లు అని వస్తే జవాబు అక్కడే ఉంది.

పైన చెప్పిన వాటిలో ఏదైనా అనుమానం మిగిలితే గేజి పెట్టించి ఒక్కో సిలిండర్ కంప్రెషన్ చూపించండి. ఆ ఇంజన్‌కి ఎంత రావాలో మెకానిక్‌కి తెలుస్తుంది, మీరు మాత్రం సిలిండర్ల మధ్య తేడా చూడండి. మూడు ఒకేలా ఉండి ఒకటి బాగా తగ్గితే ఆ బండి కథ వేరే ఉంది.

ఆ కథ వరద కూడా కావచ్చు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ, మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డాయో మనందరం చూశాం. మునిగిన బండిని అలాగే స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి వెళ్లిన నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. వంగిన రాడ్డుతో కూడా ఇంజన్ నడుస్తుంది, కొన్నాళ్లు. సీటు బోల్టుల తుప్పు, హెడ్‌లైట్ లోపల చెమ్మ గీత, వైరింగ్ కనెక్టర్ విప్పితే లోపల ఎండిన ఒండ్రు, ఇవి చూడండి.

అడుగు 10: ఇంజన్ నంబర్

బ్లాక్ మీద కొట్టిన నంబర్‌ని తుడిచి, టార్చ్ వేసి, ఆర్‌సీతో ఒక్కో అక్షరం సరిపోల్చండి. తేడా ఉంటే ఇంజన్ మార్చారు. ఇంజన్ మార్చడం తప్పు కాదు, కానీ ఆర్‌టీఓ ఆఫీసులో ఎక్కించి ఉండాలి. నంబర్ గీకేసినట్టున్నా, మళ్లీ కొట్టినట్టున్నా వెనక్కి వచ్చేయండి. ప్రభుత్వ పరివాహన్ సైట్లో ఫైనాన్స్, ఫిట్‌నెస్, చలాన్లు చూసుకోవడం ఎలాగూ చేస్తారు. ఫిట్‌నెస్ మాత్రం ఇంజన్ ఆరోగ్యానికి సర్టిఫికెట్ కాదు. అది ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి, దాని ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసి యార్డులో పెట్టిన బండ్లు చవగ్గా దొరుకుతాయి. అక్కడ చాలాసార్లు స్టార్ట్ చేసి చూపిస్తారు, అంతే, తిప్పనివ్వరు. ఇంజన్ పని మొత్తానికి అయ్యే ఖర్చు పక్కన పెట్టుకుని, అది కలిపినా చవక అనిపిస్తేనే వేలం పాడండి.

అడుగు 11: బేరం, మొదటి నెల

అడ్వాన్స్ పరీక్షలన్నీ అయ్యాకే. దొరికిన లోపాలకి ఒక్కోదానికి మెకానిక్‌తో అంకె వేయించి, కాగితం చూపించి తగ్గించమని అడగండి. బ్యాక్ కంప్రెషన్, నీళ్లు కలిసిన ఆయిల్, ఆగని బుడగలు ఈ మూడింటిలో ఏది ఉన్నా నేను బేరమే ఆడను, ఎందుకంటే ఇంజన్ విప్పాక ఇంకేం బయటపడుతుందో ఆ పూట ఎవరూ చెప్పలేరు.

కొన్నాక మొదటి రోజే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, గాలి ఫిల్టర్ మార్చేయండి, రేడియేటర్ కడిగించి కంపెనీ చెప్పిన కూలెంట్ పోయించండి. పాత ఆయిల్ ఫిల్టర్‌ని పారేయకుండా కోయించి కాగితం మడతలు విప్పి చూడండి, మెరిసే రేణువులు ఉంటే ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. ఆయిల్ సరిగ్గా మ్యాక్స్ గీత దాకా పోసి, మీటరు అంకె, తేదీ డ్యాష్‌బోర్డులో పెట్టే చిన్న పుస్తకంలో రాయండి. ప్రతి 500 కిలోమీటర్లకీ పొద్దున్నే, చదునైన చోట గేజి చూసి ఎంత తగ్గిందో ఆ పక్కనే రాయండి. నా ఇప్పటి బండి పుస్తకంలో మొదటి పేజీలో నాలుగు వరుసలు ఉన్నాయి, నాలుగింటి పక్కనా "గీత మీదే" అని ఉంది. ఐదో వరుస నుంచి టమాటా లోడు వేశాను.